పిండికట్టులో కొంగ

మార్చి 27, 1986

మా ఆవిడ విల్మా ఈ పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. విత్తనాల కంపెనీ ఏటా ఇచ్చేదే. ఇలాంటివి ఖాళీవి మా ఇంట్లో తొమ్మిదున్నాయి. "నీ బుర్రలో ఉన్నదంతా దీంట్లో రాసుకో, నా చెవులు నిండిపోయాయి" అంది.

కాలు విరిగి పన్నెండు రోజులైంది. మొక్కజొన్న గాదె నిచ్చెన మీంచి పడ్డాను. పడింది నాలుగు మెట్లే. తొడ నుంచి వేళ్ళ దాకా పిండికట్టు. జూన్ రెండో వారం దాకా విప్పరట. అంటే ఈ ఏడు విత్తనం నేను వెయ్యను. ఇరవై ఆరేళ్ళలో ఇలా ఎప్పుడూ లేదు.

ఇంకేం రాయాలో తెలియదు. వాన.

ఏప్రిల్ 1

లెస్టర్ వోబోరిల్ వచ్చాడు. నా చేను తనే విత్తుతానన్నాడు. నేను అడగలేదు. పక్క పొలం వాడు, ఒకటో తరగతిలో పక్క బెంచీ వాడు.

"మరి నీ కళ్ళు?" అన్నాను. మే నెలలో వాడికి శుక్లాల ఆపరేషన్.

"ట్రాక్టరుకి దారి తెలుసులేరా" అన్నాడు.

ఏప్రిల్ 3

గురువారం సభ మా వంటింటికి మారింది. ఇన్నాళ్ళూ మావిస్ హోటల్లో జరిగేది. మధ్యాహ్నం రెండింటికి మావిస్ క్రోగ్ హోటల్ మూసి, మిగిలిన పై, అదే పళ్ళు కూరి కాల్చిన తీపి వంటకం, తీసుకుని వచ్చింది. లెస్టర్ తన కార్డుల కవరుతో వచ్చాడు. నేను కదలకుండా కూర్చున్నాను, అందుకు నన్ను మెచ్చుకున్నారు.

ముగ్గురం కొంగల వాళ్ళం. మా ఊరి బేస్‌బాల్ జట్టు హెరాన్స్, అంటే కొంగలు, మూతపడి పాతికేళ్ళయింది. వాళ్ళ బొమ్మలతో కార్డులు వచ్చింది ఒక్క 58 వేసవిలోనే, రొట్టె పొట్లాల్లో. మొత్తం ఇరవై నాలుగు. ఆ వేసవి మేం రొట్టె తిన్నంతగా మా పందులు కూడా మేత తిని ఉండవు. ఇప్పటికీ ఒకరి దగ్గర మంచిది, ఇంకొకరి దగ్గర చిరిగినది, మూలలు నలిగినవి, నూనె మరకలవి అలా మార్చుకుంటూనే ఉన్నాం.

ఇవాళ మావిస్ నా దగ్గర్నుంచి మంచి క్యాచర్ కార్డుని కొట్టేసింది. నొప్పి మాత్రల మత్తులో ఉన్నాను. అది లెక్కలోకి రాదంది.

ఏప్రిల్ 10

లెస్టర్ వాళ్ళ అక్క ఇల్లు మారుతూ, అటక మీద దొరికిన బిస్కెట్ డబ్బా పంపిందట. దాంట్లో తొమ్మిది కొంగలు. అన్నీ వాడి దగ్గర ఉన్నవే. ముక్కుకు ఆనించుకుని ఒక్కొక్కటే చూసి బల్ల మీద పరిచాడు.

"ఈ ఎమిల్ స్టాడ్లర్ నా దగ్గరుందిరా. పైగా దీనికి మరక. నీ స్టాడ్లర్‌కి మూల చిరిగింది కదా? నీ దగ్గర రెండో గ్రీసన్ ఉంటే ఇచ్చి ఇది తీసుకో."

కార్డు చూశాను. సరే అన్నాను. మావిస్ పై కోస్తోంది. ఇద్దరం బల్లను రెండేసి సార్లు తట్టాం. అయిపోయింది.

పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన పై బాగుంది. మంచి రోజు.

ఏప్రిల్ 11

ఎవరూ చదవరు కాబట్టి ఒకసారి రాసి ఊరుకుంటాను.

స్టాడ్లర్ కుడిచేత్తో విసిరేవాడు. నేను చూశాను, లెస్టర్ చూశాడు, ఊరంతా చూసింది. రొట్టె కంపెనీ మొదటి వారం అచ్చు వేసినప్పుడు ఫిల్మును తిరగేసి పెట్టారు. కార్డులో బంతి ఎడమచేతిలో ఉంటుంది, గ్లవ్ కుడిచేతికి ఉంటుంది. టోపీ మీద అక్షరం హెచ్, దాన్ని తిరగేసినా హెచ్చే, అందుకే అచ్చువాళ్ళకు వెంటనే తెలియలేదు. వారానికి సరిచేశారు. ఎడమచేతి స్టాడ్లర్‌ని నేను జన్మలో ఒక్కసారి చూశాను, పద్దెనిమిదేళ్ళ క్రితం ఒక క్షవరం షాపు అద్దానికి అంటించి ఉంటే. అమ్మమంటే అతను అమ్మలేదు.

ఇప్పుడది నా దగ్గరుంది.

లెస్టర్‌కి ఏ చెయ్యో కనబడలేదు. నాకు కనబడింది.

ఏప్రిల్ 12

నియమం ఇది. ఎవరి కార్డు వాళ్ళు చూసుకోవాలి. బల్ల తట్టాక బేరం ముగిసినట్టే. వెళ్ళిన కార్డు వచ్చిన చేతిలోకే నేరుగా తిరిగి పోకూడదు. పదేళ్ళ క్రితం నేను ఒక కార్డు ఇచ్చేసి, మర్నాడు ఏడుపు మొహంతో వెనక్కి అడిగితే, ఈ నియమం పెట్టింది ఎవరు? లెస్టరే.

ఏప్రిల్ 13

నియమం నియమమే.

ఏప్రిల్ 17

గురువారం. స్టాడ్లర్‌ని బల్ల మీద పెట్టలేదు. ఎవరూ అడగలేదు. లెస్టర్ నా గ్రీసన్‌కి కొత్త ప్లాస్టిక్ తొడుగు వేసి తెచ్చి అందరికీ చూపించాడు. "చూడండి, మూలలు ఎలా ఉన్నాయో" అన్నాడు. వాడికి మూలలు కనబడవు. వేలితో తడిమి చూస్తున్నాడు.

పై సగం ప్లేట్లోనే వదిలేశాను.

ఏప్రిల్ 22

పద్దెనిమిదేళ్ళు వెతికిన కార్డు దొరికింది. కానీ ఎవరికీ చూపించడానికి లేదు. విల్మా బజారుకు వెళ్ళినప్పుడు తీసి చూసుకుంటున్నాను. ఇవాళ ఆమె పర్సు మరిచిపోయి వెనక్కి వచ్చింది.

"ఏంటది?"

"కరెంటు బిల్లు."

"కరెంటు బిల్లు చూసి నవ్వుతున్నావా? కాలుతో పాటు తల కూడా తగిలిందేమో, డాక్టర్‌ని అడగాలి" అంది.

ఏప్రిల్ 29

లెస్టర్ నా చేలో విత్తనం మొదలుపెట్టాడు. వరండాలో కూర్చుంటే ట్రాక్టర్ వినబడుతుంది. మధ్యాహ్నం విల్మా వాడికి భోజనం పట్టుకెళ్ళింది. "వాడు నీకు డబ్బాతో కాఫీ పంపించాడు" అని తిరిగొచ్చింది. మన కాఫీనే, మనకే పంపించాడు. చల్లారిపోయిందట.

మే 5

విత్తడం అయిపోయింది. ఆరు రోజులు, పొద్దుణ్ణుంచి చీకటి పడేదాకా. డీజిల్ కూడా వాడిదే పోశాడు. ఇస్తానంటే "ముందు నడువు, తర్వాత ఇద్దువుగాని" అన్నాడు.

మే 13

మొక్కజొన్న మొలిచింది. మొలవకపోతే బాగుండేది.

సాళ్ళు రోడ్డు దగ్గర తిన్నగానే మొదలవుతాయి. తర్వాత కుడికి పోతాయి. దేన్నో తప్పించుకున్నట్టు ఎడమకు వస్తాయి. చెరువు పక్క రెండు సాళ్ళు కలిసిపోయి, కాసేపు కబుర్లాడి విడిపోయాయి. స్కూలు బస్సు ఆగి మరీ చూసి వెళ్ళింది. పాల లారీ అతను హారన్ కొట్టి, చేత్తో పాము వెళ్ళినట్టు చూపించాడు.

మా నాన్న ఈ చేలో దారం కట్టి సాలు తీసేవాడు.

లెస్టర్‌ని నాలుగు మాటలు అడుగుదామని ఫోన్ ఎత్తాను. పెట్టేశాను.

మే 14

పాడైంది నా చేను. పోయింది వాడి కార్డు. ఇక చెల్లుకు చెల్లు. ఈ సంగతి ఇంతటితో సరి.

మే 15

రాయాలంటే సిగ్గుగా ఉంది కానీ రాస్తాను.

ఒంటిగంటకు బల్ల దగ్గర భూతద్దం పెట్టుకుని స్టాడ్లర్‌ని చూసుకుంటున్నాను. మావిస్ రెండింటికి గానీ రాదు. హోటల్లో గ్యాస్ అయిపోయిందట, ఒంటిగంటకే వచ్చేసింది. తలుపు తట్టే అలవాటు ఆమెకు ఏనాడూ లేదు. చేతికి ఏదీ దొరక్క, కార్డుని తొడుగుతో సహా తొడ దగ్గర కట్టులోకి తోశాను. కాలు సన్నబడి కట్టు వదులైంది. జారిపోయింది.

"ఏంటయ్యా ఆర్లో, ఆ మొహం? దెయ్యాన్ని చూసినట్టు?"

"నొప్పి" అన్నాను.

సభ అయ్యేదాకా నేను కదిలినప్పుడల్లా అది ఇంకొంచెం కిందికి పోయింది. వాళ్ళు వెళ్ళాక విల్మా ఊలు అల్లే సూది అడిగి తీసుకుని ప్రయత్నించాను. మోకాలు దాటింది. ఇప్పుడు పిక్క దగ్గరుంది.

"సూదెందుకు?" అంది విల్మా.

"దురద."

అది అబద్ధం కాదు.

మే 16

కొంగ కాలు పట్టుకుంది. కూర్చోలేను, పడుకోలేను.

మే 20

లెస్టర్‌కి ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. బాగా జరిగిందని వాళ్ళావిడ ఫోన్ చేసింది. విల్మా సంతోషించింది. నేనూ సంతోషించాను. చాలా సంతోషించాను.

మే 27

మధ్యాహ్నం లెస్టర్ ట్రక్కు వచ్చింది. మెల్లగా వచ్చింది, చేను పక్క రెండుచోట్ల ఆగి వచ్చింది. వాడు లోపలికొచ్చి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. కొత్త కళ్ళజోడు.

"ఇవాళే ఇచ్చారు. నీ చేను పక్కగా వస్తూ, ఎవడో బాగా తాగి విత్తినట్టున్నాడు అనుకున్నానురా. కల్వర్టు దగ్గరకొచ్చాక గుర్తొచ్చింది, ఆ ఎవడో నేనే."

"మరీ అంతేం లేదు" అన్నాను.

"నీకు విరిగింది కాలేగా, కళ్ళు బాగానే ఉన్నాయిగా? ఊరంతా నవ్వుతోందట, మావిస్ చెప్పింది. చెరువు పక్క సాళ్ళు పెళ్ళి చేసుకున్నాయని పేరు పెట్టారట. రెండు వారాలైంది. నువ్వు ఒక్క మాటన్నావా? నేనైతే నిన్ను ఊళ్ళో తలెత్తుకోనిచ్చేవాణ్ణి కాదు." కన్ను తుడుచుకున్నాడు. ఆపరేషన్ అయిన కన్ను కొన్నాళ్ళు నీరు కారుతుందని ఇంతకుముందే చెప్పాడు. "నా మనసు నొచ్చుకుంటుందని నోరు మూసుకున్నావు. ఇలాంటి మనిషి ఈ జిల్లాలో..."

"ఆపరా" అన్నాను.

విల్మా పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది.

"నువ్విచ్చిన స్టాడ్లర్ ఎడమచేతిది. నాకు ఆవేళే తెలుసు. తెలిసే బల్ల తట్టాను. నీ కళ్ళు బాగుండుంటే ఆ కార్డు నువ్వు ఇచ్చేవాడివి కాదు."

వాడు కూర్చున్నాడు.

"ఎడమచేతిది" అన్నాడు.

"అవును."

"మా అక్క బిస్కెట్ డబ్బాలోది."

"అవును."

"ఏదీ, చూపించు."

"చూపించలేను."

"అమ్మేశావా?"

"లేదు." కట్టు మీద వేలితో కొట్టాను. "దీంట్లో ఉంది."

"దేంట్లో?"

"పిక్క దగ్గర."

"దురదన్నావు!" అని అరిచింది విల్మా. "నా మంచి సూది!"

నేనైతే నవ్వేవాణ్ణి. వాడు నవ్వలేదు. టోపీ పెట్టుకున్నాడు. "నేను ఆరు రోజులు నీ చేలో ట్రాక్టర్ మీద ఉన్నానురా. అంతసేపూ అది నీ దగ్గరే ఉంది" అన్నాడు. అడ్డదిడ్డంగా విత్తావని నోటిదాకా వచ్చింది. అనలేదు. వాడు వెళ్ళిపోయాడు. కాఫీ పోసింది పోసినట్టే ఉంది.

మే 29

గురువారం. మావిస్ ఒక్కతే వచ్చింది. విషయం విల్మా చెప్పేసింది. మావిస్ కుర్చీ పట్టుకుని నవ్వింది, నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత మూడో కుర్చీ వైపు చూసి నవ్వు ఆపేసింది.

"వెనక్కి ఇచ్చెయ్యి" అంది.

"నియమం ఒప్పుకోదు. వచ్చిన చేతిలోకే పోకూడదు."

"ఆహా, ఇప్పుడు నియమం గుర్తొచ్చిందా అయ్యగారికి?"

ఇద్దరితో మార్పిళ్ళు సాగవు. ఆమె దగ్గరున్నవి నాకు తెలుసు, నా దగ్గరున్నవి ఆమెకు తెలుసు. మూడింటికే వెళ్ళిపోయింది. పై మొత్తం వదిలేసి పోయింది.

జూన్ 1

లెస్టర్‌కి ఫోన్ చేశాను. వాళ్ళావిడ ఎత్తి, పందుల దగ్గరున్నాడంది. వెనక వాడి దగ్గు వినబడింది.

జూన్ 2

పందుల దగ్గరున్నాడట.

జూన్ 5

గురువారం. మావిస్ కూడా రాలేదు. పనుందట.

ఇరవై నాలుగూ బల్ల మీద పరిచి చూసుకున్నాను. స్టాడ్లర్ చోట మూల చిరిగినవాణ్ణి పెట్టాను. వరస బాగానే ఉంది. చూసి బాగుందనేవాళ్ళు లేరు. పది నిమిషాలకు తీసేశాను.

జూన్ 9

కట్టు విప్పారు. వివరంగా రాస్తాను.

తొమ్మిదింటికి ఆసుపత్రికి వెళ్ళాలి. విల్మా కారు తాళాలు వెతుకుతోంది. వాకిట్లో లెస్టర్ ట్రక్కు ఆగింది. దిగలేదు. కిటికీలోంచి అన్నాడు: "ఎక్కు."

"విల్మా తీసుకెళ్తుందిలే" అన్నాను.

"ఎవడో ముక్కూమొహం తెలియనివాడు రంపం పెట్టి నా స్టాడ్లర్‌ని కోస్తుంటే నేను ఇంట్లో కూర్చోవాలా? ఎక్కరా."

నా స్టాడ్లర్ అన్నాడు. చంక కర్రలు వెనక పడేసి ఎక్కాను. నా చేను పక్కగా పోతున్నప్పుడు ఇద్దరం అటు చూడకుండా ఎదుటి రోడ్డు చూశాం.

కట్టు కోసే అతను లావుపాటి మనిషి, పెద్ద మీసాలు. చిన్న కరెంటు రంపం పట్టుకుని వచ్చాడు. లెస్టర్ నా కాలికీ రంపానికీ మధ్య చెయ్యి పెట్టాడు.

"పిక్క దగ్గర జాగ్రత్త."

"ఇది చర్మాన్ని కొయ్యదండీ" అన్నాడు మీసాలాయన.

"చర్మం సంగతి ఎవడికి కావాలి? లోపల కార్డుంది."

అతను రంపం ఆపి నా మొహం చూశాడు. నేను తలూపాను. "పక్కల నుంచి కొయ్యండి" అన్నాను. "వెనక నుంచి వద్దు" అన్నాడు లెస్టర్. "ముందు నుంచైతే నయం" అన్నాను. "నువ్వు నోరు మూసుకో" అన్నాడు. పదమూడు రోజుల్లో వాడు నాతో అన్న మొదటి మంచి మాట.

రెండు పక్కలా కోసి, పై చిప్ప ఎత్తాడు. కాలు చూస్తే నాది కాదనిపించింది, కట్టెపుల్లలా ఉంది. లెస్టర్ కాలు వైపు చూడనేలేదు. కింది చిప్పలోంచి రెండు వేళ్ళతో కార్డు తీశాడు. చెమటకు తొడుగు పసుపుపచ్చగా అయింది. లోపల కార్డు పాడవలేదు, కానీ నా పిక్క ఆకారానికి గుండ్రంగా వంగిపోయింది. చొక్కాకు తుడిచి కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాడు. కొత్త కన్నుతో చూశాడు, దగ్గరగా, దూరంగా.

"ఎడమ చెయ్యి" అన్నాడు. "మరక కూడా కనబడుతోంది. బంతి కుట్లు కనబడుతున్నాయిరా!"

మీసాలాయన మెడ సాచాడు. "ఎవరండీ ఇతను? ఎడమచేత్తో విసిరేవాడా?"

"కాదు" అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఇక ఆగలేదు. స్టాడ్లర్ జూలైలో మామూలు తొమ్మిది దాటి పద్నాలుగు ఇన్నింగ్సులు విసిరిన రోజు సంగతి నేను మొదలుపెట్టాను. పదిహేను అని లెస్టర్ దిద్దాడు. వర్షం పడిందన్నాను. వర్షం కాదు, వడగళ్ళు అన్నాడు. ఆఖరి బంతికి టోపీ ఎగిరిపోయిందని ఇద్దరం ఒప్పుకున్నాం. మీసాలాయన నా కాలు కడిగి, కడిగి, మళ్ళీ కడిగాడు, కథ అయ్యేదాకా. బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపు తట్టారు.

తిరిగొస్తూ చేను దగ్గర లెస్టర్ ట్రక్కు ఆపాడు. ఇద్దరం చూశాం.

"ఆ పెళ్ళి సాళ్ళ దగ్గర మాత్రం ఎందుకలా పోయానో నాకే తెలియదు" అన్నాడు.

"గింజ బాగానే పడుతుందిలే" అన్నాను.

కార్డు నా చేతిలో పెట్టాడు. "నియమం నియమమే. గురువారం మావిస్ చేతుల మీదుగా రావాలి. నీ దగ్గర నుంచి నేను ఊరికే తీసుకోను."

జూన్ 12

గురువారం. సభ మళ్ళీ హోటల్లో. చేతికర్రతో నడిచి వెళ్ళాను, గుమ్మం దగ్గర మావిస్ చప్పట్లు కొట్టింది.

నేను స్టాడ్లర్‌ని ఆమె ముందు పెట్టాను, ఆమె ఏప్రిల్లో కొట్టేసిన నా క్యాచర్ కావాలన్నాను. క్యాచర్ వచ్చిన చేతికే పోకూడదంది. నిజమే. ఇంకేమిస్తావంటే తన దగ్గర రెండోదిగా ఉన్న షార్ట్‌స్టాప్ ఆటగాడి కార్డు ఇచ్చింది. మూల లేదు, వెనక సిరా మరక. కిక్కురుమనకుండా తీసుకున్నాను. ఇద్దరం తట్టాం.

తర్వాత లెస్టర్ తన రెండో మేనేజర్ కార్డు ఆమె ముందుకు తోసి, రెండుసార్లు బల్ల తట్టాడు. ఇక మావిస్ తట్టాలి. తట్టలేదు.

"ఏంటమ్మా?" అన్నాడు లెస్టర్.

"ఆలోచించుకోవద్దూ? ఇంత కార్డు నా చేతికి రావడం ఇదే మొదలు. నాకు మాత్రం చూసుకోవాలని ఉండదా? ఒక వారం."

గల్లా పక్కన అద్దం ముందు పెట్టింది. వంగిన కార్డు అద్దానికి ఆనుకుని నిలబడింది.

"వారమే" అన్నాడు లెస్టర్.

"వారమే" అంది మావిస్.

జూన్ 13

పొద్దున కాఫీకని హోటల్‌కి వెళ్ళాను. లెస్టర్ అప్పటికే గల్లా పక్క కుర్చీలో ఉన్నాడు. వాడు ఇంట్లో తప్ప బయట కాఫీ తాగడు.

జూన్ 16

లెస్టర్ నాకు కుర్చీ ఆపి ఉంచాడు. పాల లారీ అతను కార్డు ఎందుకలా వంగిందని అడిగాడు. లెస్టర్ చెప్పాడు. నేను మాంసం కోసే కత్తితో కట్టు కోసుకోబోయానని కలిపాడు. నేను దిద్దలేదు.

జూన్ 19

గురువారం. వారం అయింది. మావిస్ తట్టలేదు, లెస్టర్ అడగలేదు. నేను గుర్తు చేద్దామనుకుంటే బల్ల కింద నా మంచి కాలు తొక్కాడు.

జూన్ 26

గురువారం. వానలు బాగా పడ్డాయి. చేను నడుం ఎత్తు పెరిగింది, ఇక రోడ్డు మీంచి సాళ్ళు కనబడవు. పక్క జిల్లా నుంచి ఎవరో ముసలాయన కార్డు చూడ్డానికే వచ్చాడు. లెస్టర్ ఆయనకు మొదటి నుంచీ చెప్పాడు, బిస్కెట్ డబ్బా నుంచి. తన కళ్ళ సంగతి, నా సంగతి, ఏదీ దాచలేదు. ముసలాయన నా కాలు చూపించమన్నాడు. చూపించాను.

ఆయన వెళ్ళాక మావిస్ చేతులు తుడుచుకుని మా దగ్గరకొచ్చింది. "రెండు వారాలైంది. మాటంటే మాటే. తట్టేస్తాను, తీసుకుపోవయ్యా లెస్టర్" అని బల్ల మీదికి చెయ్యెత్తింది.

లెస్టర్ తన ఖాళీ కప్పు తెచ్చి ఆ చేతిలో పెట్టాడు.

"ముందు కాఫీ పొయ్యి" అన్నాడు. "వీడికి కూడా."